రాతి మీద గొప్పలు, మట్టి మీద లెక్కలు

పాత పర్షియా గురించి సిర్గాపూర్‌లో పేచీ ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్లకు ఈ ప్రాంతం తెలియదనుకోవాలి. సిర్గాపూర్ 2016లో మండల కేంద్రమైంది. అంతకు ముందు కల్హేర్ మండలం. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా మొత్తం బీదర్ జిల్లా కింద ఉండేది. బీదర్ నుంచి ఏలిన బహమనీ సుల్తానులు తమది ఇరాన్ పురాణరాజు బహ్మన్ వంశమని చెప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన నిజాంల దఫ్తర్లలో 1884 దాకా ఫారసీయే నడిచింది. కాబట్టి పర్షియా ఇక్కడివాళ్లకు దూరపు చుట్టమే అయినా చుట్టమే.

మాట్లాడుకున్న ఇద్దరి పేర్లు అక్కర్లేదు. మామ రెవెన్యూలో గిర్దావర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి, 1984లో ఆ పదవి రద్దయ్యేదాకా పట్వారీ. మేనకోడలు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఇద్దరూ చదివినవాళ్లే, ఇద్దరూ మొండివాళ్లే. మధ్యలో కూర్చుని రాసుకోవడం నా వంతు.

మామ: నువ్వు కాలేజీల ఏం చెప్తవో నాకు తెల్వదు బిడ్డా. నన్నడిగితే, సర్కారు నడపడం లోకానికి నేర్పింది పాత పర్షియావాళ్లు. సింధు నది కాడి నుంచి ఈజిప్టు దాక రాజ్యం. రైలు లేదు, టెలిగ్రాం లేదు. సైరస్ మొదలుపెట్టిన కాడి నుంచి అలెగ్జాండర్ వచ్చేదాక రెండు వందల ఏండ్లకు పైన నడిచింది. దరియస్ క్రీ.పూ. 522ల గద్దెనెక్కి చేసిన మొదటి పని ఏంది? శిస్తు కట్టుడు.

కోడలు: మొదటి పని అది కాదు మామా. మొదటి ఏడాదంతా తిరుగుబాట్లు అణచడానికే పోయింది. ఆ సంగతి తర్వాత చెప్త. ముందు నీ శిస్తు కానీ.

మామ: హెరొడోటస్ లెక్కల ఇరవై సుబాలు. సత్రపీలు అంటరు. ఒక్కోదానికి ఒక సత్రప్. ఫౌజు అధికారి వేరే, రాజు పంపే తనిఖీదారు వేరే. ఒకని మీద ఒకడు కన్నేసి ఉండాలె. సుబాకు ఏటా ఇంత అని కట్టిండు. అంతకు ముందు సైరస్, కాంబిసెస్ కాలంల అన్నీ నజరానాలే. నజరానా అంటే నీకేం తెలుసు! ఎంతిస్తే సరిపోతదో ఇచ్చేటోనికి తెల్వదు, ఎంతైతే చాలో తీసుకునేటోనికి తెల్వదు. ఇంత అని కాయితం మీద పడితేనే రైతు కనీసం కొట్లాడొచ్చు.

కోడలు: హెరొడోటసే చెప్పిన ఇంకో ముచ్చట వదిలేసినవు. పర్షియన్లు సైరస్‌ను తండ్రి అనుకున్నరట, కాంబిసెస్‌ను దొర అనుకున్నరట, దరియస్‌ను మాత్రం షావుకారు అని పేరు పెట్టిండ్రట.

మామ: అననీ. లెక్కలడిగినోన్ని ఏ ఊరు మెచ్చుకున్నది? నన్ను ఏమేమన్నరో చెప్తే చెవులు మూసుకుంటవు. ఇంకొకటి విను. సార్డిస్‌ల ఆర్టఫెర్నెస్ అని దరియస్ సవతి తమ్ముడు సత్రప్‌గ ఉండె. అయోనియా గ్రీకులు తిరగబడి ఓడిపోయినంక, క్రీ.పూ. 493ల, ఆ పట్టణాల పెద్దల్ని పిలిపించిండు. తగాదాలొస్తే ఒకరి మీద ఒకరు దాడికి పోవద్దు, పంచాయితీల తేల్చుకోండ్రి అని ఒప్పందం రాయించిండు. వాళ్ల భూముల్ని కొలిపించి ఎవరి శిస్తు వాళ్లకు కట్టిండు. హెరొడోటస్ రాసేనాటికి కూడ అదే కట్టుబడి నడుస్తున్నదట. మన నిజాం ఇలాకల సాలార్‌జంగ్ 1865ల జిల్లాబందీ మొదలుపెట్టేదాక ఏముండె? గుత్తలు. ఎవడెక్కువ పాడితే తాలూకా వానిది. పర్షియావాళ్లు అంత ముందుగాల గొలుసు పట్టి కొలిచిండ్రు బిడ్డా.

కోడలు: గొలుసు పట్టేకంటే ముందు ఏం పట్టిండ్రో కూడా చెప్పు. ఊళ్లు కాలబెట్టిండ్రు. అందంగ ఉన్న మొగపిల్లల్ని ఏరి ఖోజాలను చేసిండ్రు, ఆడపిల్లల్ని రాజు దగ్గరికి తోలిండ్రు. నువ్వు చదివిన పేజీకి కొంచెం వెనకనే ఉన్నది. నువ్వు మెచ్చుకునే శిస్తు జాబితా తీసుకో. బబులోను సుబా ఏడాదికి 1000 టాలెంట్ల వెండి ఇయ్యాలె, దాంతో పాటు 500 మంది ఖోజా పిల్లల్ని ఇయ్యాలె. మన దిక్కు సుబా, సింధు పక్కది, 360 టాలెంట్ల బంగారు రజను. అన్నిటికంటే ఎక్కువ మోత మనమీదనే. మరి పర్షియా సొంత గడ్డ మీద శిస్తెంత? సున్న. కొలిచిందంతా పరాయోళ్ల భూమే.

ఆ 500 మంది పిల్లల ముచ్చటకు మామ దగ్గర జవాబు లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. ఫైల్లో తప్పు దొరికితే ఇంకో ఫైలు తీయడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన విద్య.

మామ: సరే, రాజులు మంచోళ్లని నేననలే. పద్ధతి ఉండె అంటున్న. సిసమ్నెస్ ముచ్చట విన్నవా? రాజుగారి జడ్జి. లంచం తిని తప్పుడు తీర్పు ఇచ్చిండు. కాంబిసెస్ వాణ్ని చంపించి, తోలు ఒలిపించి, ఆ తోలును పట్టీలుగ కోయించి జడ్జి కుర్చీకి పరిపించిండు. మళ్ల ఆ కుర్చీల ఎవరిని కూసోబెట్టిండు? వాని కొడుకునే. తీర్పు చెప్పేటప్పుడు దేని మీద కూసున్నవో యాదికుంచుకో అన్నడట.

కోడలు: నువ్వు ఉద్యోగంల ఉన్నప్పుడు ఈ కథ మీ ఆఫీసుల చెప్పినవా?

మామ: ఒకసారి చెప్పిన. ఎవ్వడూ నవ్వలే.

కోడలు: కథ మంచిగనే ఉన్నది. లంచం తిన్నడని తేల్చింది ఎవరు? రాజు. శిక్ష వేసింది? రాజు. అప్పీలు ఎవరికి చేసుకోవాలె? ఆ రాజుకే. ఆ కొడుకు న్యాయానికి భయపడ్డడో కాంబిసెస్‌కు భయపడ్డడో ఎట్ల తెలుస్తది? దానికి జోడి కథ నేను చెప్త. ఇదే కాంబిసెస్‌కు సొంత చెల్లెను పెండ్లి చేసుకోవాలనిపించింది. ఏదన్న చట్టం ఒప్పుకుంటదా అని జడ్జిలను అడిగిండు. వాళ్లు పుస్తకాలన్నీ తిరగేసి, చెల్లెను పెండ్లాడొచ్చని చట్టం యాడ లేదు గాని, పర్షియా రాజు తనకు నచ్చింది చెయ్యొచ్చని ఒక చట్టమున్నది అన్నరట. ప్రాణాలు దక్కినయి, చట్టమూ దక్కింది.

మామ: (నవ్వి) అసొంటి జవాబు రాసేటోడు ప్రతి దఫ్తర్ల ఒకడుంటడు.

కోడలు: ఇప్పుడు నీ దరియస్ మొదటి పని. ఇరాన్‌ల బిసుతూన్ అని కొండ ఉన్నది. బబులోను నుంచి హమదాన్ పోయే తొవ్వ పక్కన. ఆ కొండ నిట్టనిలువు గోడ మీద దరియస్ తన కథ చెక్కించిండు. పాత పర్షియన్, ఎలమైట్, బబులోనియన్, మూడు భాషలు. బొమ్మ కూడ ఉన్నది. గౌమతుడు అనేటోన్ని కాలికింద తొక్కిపట్టి నిలబడ్డ రాజు, ఎదురుంగ మెడలకు తాడు కట్టిన రాజులు వరుసగ. ఒక్క ఏడాదిల 19 యుద్ధాలు గెలిచి 9 మంది రాజులను పట్టిన అంటడు. అందుల మీడియా దేశపు ఫ్రవర్తిష్‌ను ఏం చేసిండో తనే చెప్పుకున్నడు. ముక్కు కోసిన, చెవులు కోసిన, నాలుక కోసిన, ఒక కన్ను పొడిచిన, వాకిట్ల కట్టేసి జనమందరికీ చూపించిన, ఆఖరుకు శూలానికెక్కించిన అని. ఇది గిట్టనివాళ్లు రాసిన నింద కాదు మామా. రాజు సొంత వాఙ్మూలం.

మామ: అంత ఎత్తుల చెక్కితే చదివేదెవడు?

కోడలు: చదవడానికి కాదు అది. చదవడానికి నకళ్లు వేరే పంపించిండు. ఈజిప్టు దక్షిణపు కొసన ఎలిఫెంటైన్ అని ద్వీపమున్నది. అక్కడ పర్షియా పటాలంల పనిచేసే యూదు సిపాయిలు ఉండేటోళ్లు. అక్కడి కాయితాల్ల ఈ శాసనానికి అరమాయిక్ భాషల నకలు దొరికింది. ఎక్కడి హమదాను, ఎక్కడి నైలు నది!

మామ: చూసినవా, ఆ డాక్ పద్ధతే నేను చెప్పేది. సార్డిస్ నుంచి సూసా దాక రాజబాట. 111 మజిలీలు. నడిచేటోనికి 90 రోజులు. గుర్రాలు మార్చుకుంట పోయే హర్కారాకు అండ్ల పదోవంతు గూడ పట్టకపోవు.

కోడలు: మజిలీల మీద పోయిన మాట ఏందో కూడా చూడాలె గదా. ఆ శాసనమంతా ఒక్కటే ఆరోపణ: వీడు అబద్ధమాడిండు, వాడు అబద్ధమాడిండు. రాజునని చెప్పుకున్న ప్రతివాడు అబద్ధాలకోరు. అహురమజ్ద నన్ను రాజును చేసిండు, అందుకని నాకు ఎదురు తిరిగినోడు సత్యానికి ఎదురు తిరిగినట్టే. ఇక్కడనే నాకు కడుపు మండుతది. జరథుష్ట్ర ఏం చెప్పిండు? గాథలు అని 17 గీతాలు, ఆయన సొంత పలుకని చాలామంది పండితులు ఒప్పుకునే మాట. వాటిల మనిషి ముందట రెండు తొవ్వలు పెట్టిండు, సత్యమొకటి, అబద్ధమొకటి. ఏది పట్టుకోవాలో నీ బుద్ధితోని నువ్వే తేల్చుకో అన్నడు. రాజు చెప్పిండని కాదు, పూజారి చెప్పిండని కాదు. అంత గొప్ప మాటను దరియస్ రాజద్రోహం సెక్షన్ చేసిండు. ఇంకో సంగతి. ఈ వంశపు రాజుల శాసనాల్ల జరథుష్ట్ర పేరు ఒక్కచోట లేదు. దేవుని పేరే వాడుకున్నరు, ప్రవక్తను విడిచిపెట్టిండ్రు.

నాకు ఈ మొత్తం వాదనలో కోడలు పట్టుకున్న గట్టి కొస ఇదే అనిపించింది. ఆనాటి పర్షియన్లు పిల్లలకు అయిదో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా మూడే నేర్పేవారట: గుర్రపు స్వారీ, విలువిద్య, నిజం చెప్పడం. అబద్ధమాడటం అన్నిటికంటే సిగ్గుచేటు, దాని తర్వాత అప్పు చేయడం, ఎందుకంటే అప్పులవాడు అబద్ధమాడక తప్పదు. వినడానికి బాగుంది. నిజం ఏదో తేల్చే అధికారం ఎవరి దగ్గరుందో తెలిసేదాకా బాగుంటుంది.

మామ: వాళ్ల దగ్గర ఇంకో ఆచారముండె. పెద్ద ముచ్చటలు తాగినప్పుడు తేల్చుకొని, పొద్దున నిషా దిగినంక మళ్ల ఒకసారి చూసుకునేటోళ్లట. రెండుసార్లు అదే సరి అనిపిస్తేనే ఖాయం. ముందుగాల తాగకుంట అనుకుంటే, మళ్ల తాగి ఆలోచించేటోళ్లు. ఇది మాత్రం మనోళ్లు సగం నేర్సుకున్నరు.

కోడలు: మామా, మాట మళ్లించకు.

మామ: మళ్లిస్తలేను. రాజుల కోపం గురించి నువ్వు చెప్పిందంతా ఒప్పుకున్న. సైరస్ సంగతేంది మరి? క్రీ.పూ. 539ల బబులోను పట్టిండు. ఊరు దోచుకోలే. అక్కడి దేవుడు మార్దూక్‌కు మొక్కిండు. చెరబట్టి తెచ్చిన దేవుళ్లను వాళ్ల వాళ్ల గుళ్లకు పంపిండు, జనాన్ని ఊళ్లకు పంపిండు. యూదులు యెరూషలేము పొయ్యి గుడి మళ్ల కట్టుకున్నరు. యూదుల గ్రంథంల యెషయా ఆయన్ని దేవుడు అభిషేకించినవాడు అన్నడు. పరాయి రాజుకు ఆ గౌరవం ఇంకెవరికి దక్కింది? సైరస్ రాయించిన మట్టి పీపా 1879ల దొరికింది, లండన్‌ల ఉన్నది. 2013 చివర్ల ముంబయి మ్యూజియంకు తెస్తే జనం విరగబడి చూసిండ్రు.

కోడలు: చూసిండ్రు. అండ్ల యూదుల పేరు ఉన్నదా? లేదు. బానిసల విడుదల ఉన్నదా? లేదు. బబులోనుల కొత్త రాజు గద్దెనెక్కితే అక్కడి పూజారులు రాసే బాణీ ఒకటున్నది. పాత రాజు దేవుణ్ని మరిచిండు, దేవుడు లోకమంత గాలించి మంచి రాజును పట్టుకొచ్చిండు, ఈయన గుళ్లు బాగు చేయించిండు. సైరస్ దానికి ముద్ర వేయించుకున్నడు. దాన్ని లోకంల మొదటి మానవహక్కుల పత్రం చేసింది ఎవరో తెలుసా? ఇరాన్ షా. 1971ల పెర్సెపోలిస్ శిథిలాల కాడ డేరాలు వేసి, 2500 ఏండ్ల రాచరికం అని పండుగ చేసిండు. ఐక్యరాజ్యసమితికి ఆ పీపా నమూనా బహుమానం ఇచ్చిండు. ఆయన జైళ్ల నిండ రాజకీయ ఖైదీలున్నరు అప్పుడు.

మామ: షా చేసిన తప్పు సైరస్ మెడకు చుడితే ఎట్ల? బాణీ అనే అనుకో. ఆ బాణీ అస్సిరియా రాజులకు తెల్వదా? వాళ్లేం చెక్కించుకున్నరు? తలకాయల కుప్పలు. సైరస్ ఏం చెక్కించుకున్నడు? గుళ్లు తెరిపించిన, జనాన్ని ఇండ్లకు పంపిన అని. గొప్ప చెప్పుకునేటప్పుడు మనిషి దేన్ని గొప్ప అనుకుంటడో బయటపడ్తది బిడ్డా. యెరూషలేముల గుడి లేచిందా లేదా? క్రీ.పూ. 515 కల్లా లేచింది. దరియస్ కాలంల. ఊరు చేరిన ముసలామెకు, రాజు ప్రేమతోని పంపిండా, లెక్కతోని పంపిండా అనేది ఎందుకు?

కోడలు: (కాసేపటికి) ఆ ముసలామె ముచ్చట ఒప్పుకుంట.

ఆమె ఒప్పుకున్నది ఆ పూటకు అదొక్కటే. అయితే వెంటనే క్సెర్క్సెస్‌ను తీసింది. దరియస్ కొడుకు, క్రీ.పూ. 486లో వచ్చినవాడు. తన రాజ్యంలో ఒకచోట దైవాలను కొలిచే గుడి ఉంటే పడగొట్టించి, ఇక్కడ దైవాలకు పూజ లేదని చాటించానని శాసనం వేయించాడు. పర్షియా భక్తుల లెక్కలో ఆ దైవాలు చెడ్డ దేవతలు. ఏ ఊరో ఆ శాసనంలో లేదు గనక అది ఉత్త బెదిరింపు కావచ్చునని మామ వాదన. బెదిరింపైతే మరీ అధ్వానం, అందరికీ వర్తిస్తుందని కోడలి జవాబు. దాని మీద ఎక్కువసేపు నిలబడలేదు. అసలు పట్టు మట్టి పలకల దగ్గర వచ్చింది.

కోడలు: మామా, నీకు నచ్చే సాక్ష్యమే తెస్త. 1933ల పెర్సెపోలిస్ కోటగోడల రెండు గదులు బయటపడ్డయి. నిండ మట్టి పలకలు, వేలకు వేలు. క్రీ.పూ. 509 నుంచి 493 దాక, దరియస్ కాలపు తిండిగింజల లెక్క. అరచేతిల పట్టే పలక. పచ్చిగ ఉన్నప్పుడు నడుమ దారం ముడి పెట్టి, చుట్టూ మట్టి అద్ది, సన్నటి పుల్లతోని ఎలమైట్ అక్షరాలు గుచ్చి, పక్కన ముద్ర దొర్లించేటోళ్లు. ఎవరి దగ్గరి నుంచి, ఎవరి ద్వారా, ఎంత, ఎందుకు, ఏ ఏట, ఏ నెల. ఇంతే. రాజు గొప్పలు ఒక్క ముక్క లేవు.

మామ: (ముందుకు జరిగి) రెండు సంతకాలుండేనా? ఇచ్చినోనిది, పుచ్చుకున్నోనిది?

కోడలు: రెండు ముద్రలు. నీ ముఖం వెలిగిపోతున్నది. ఇప్పుడు లెక్క విను. ఆ దఫ్తరుకు పెద్ద పర్నాక అనే రాచబంధువు. ఆయనకు దినానికి 2 గొర్రెలు, 90 క్వార్టుల ద్రాక్షసారా, 180 క్వార్టుల పిండి. క్వార్టు అంటే దగ్గర దగ్గర ఒక లీటరు కొలత. కూలి మొగమనిషికి మామూలుగ నెలకు 30 క్వార్టుల బార్లీ, అంటే దినానికి ఒకటి. ఆడామెకు చాలా చోట్ల 20. బిడ్డను కన్న తల్లికి పైన కొంత సారా ఇచ్చేది. కొడుకు పుడితే 10 క్వార్టులు, బిడ్డ పుడితే 5.

మామ: పర్నాక ఒక్కడే తింటడా? వాని వెంబడి వంద మంది ఉంటరు, వాళ్లందరి పొట్ట అది.

కోడలు: ఉండొచ్చు. బాలింత వెంబడి ఎవరుంటరు?

మామ: ఆ 10, 5 ముచ్చట తప్పే. కానీ కన్నందుకు సర్కారు ఇచ్చిందన్న సంగతి కూడ చూడు. ఇచ్చింది, రాసింది. రాసింది కాబట్టే ఇయ్యాల నువ్వు తప్పు పట్టగలుగుతున్నవు. కొండ మీది రాతను పట్టుకొని పర్షియన్లను తిట్టినవు. అది రాజు గొప్ప. ఈ పలకలు గుమాస్తాల పని. రాజు చెయ్యమన్నది ఏందో కొండ చెప్తది, అయ్యింది ఏందో పలక చెప్తది.

కోడలు: అందుకే గదా తెచ్చిన. వాటిల ఆడ మేస్త్రీలున్నరు, కూలోళ్ల మీద అజమాయిషీ చేసి నెలకు 50 క్వార్టుల గింజలు, 30 క్వార్టుల సారా తీసుకునేటోళ్లు. ఇర్దబామా అని సొంత ముద్ర, సొంత జాగీరు, వందల కూలోళ్లు ఉన్న ఆడామె ఉన్నది. అంతఃపురంల పరదా వెనుక కూసున్న రాణుల కథలు గ్రీకులు మస్తు రాసిండ్రు. ఈమెను ఎవరూ రాయలే. మతం సంగతి కూడ వీటిల వేరే తీరుగ కనిపిస్తది. దేవుళ్లకు ఇచ్చిన గింజల పద్దు ఉన్నది. అహురమజ్దకు ఇచ్చిండ్రు. ఎలం దేశపు పాత దేవుడు హుంబన్‌కు అంతకంటే ఎక్కువ ఇచ్చిండ్రు.

మామ: రాజు దేవుని కంటే ఊరి దేవునికి ఎక్కువనా?

కోడలు: ఎక్కువ. ఆ గింజలు పూజైనంక కూలోళ్లే తినేటోళ్లు.

మామ: ఇనాం ఫైళ్లు ఎన్ని చూసిన నేను! గుడి మాన్యం, దర్గా మాన్యం, పీర్ల మాన్యం. నిజాం ఇచ్చిండని నిజాంకు ఆ దేవుళ్ల మీద భక్తి ఉన్నట్టా? ఊరు నిలవాలంటే ఊరి దేవుడు నిలవాలె, ఊరు నిలిస్తే శిస్తు నిలుస్తది. భక్తి లేకుండ ఇచ్చిందే నాకు నమ్మకం. భక్తితోని ఇచ్చేటోడు రేపు భక్తితోనే గుంజుకుంటడు.

ఆ మాటకు కోడలు నా నోట్‌బుక్ వైపు చూసింది, రాసుకున్నానా లేదా అని. రాసుకున్నాను. ఆ పలకల తర్వాతి కథ మామకు తెలియదని నేను కల్పించుకున్నాను. 1936లో చదవడానికని చికాగో విశ్వవిద్యాలయానికి అరువుగా వెళ్లాయి. రిచర్డ్ హాలక్ అనే పండితుడు 2,087 పలకలను 1969లో అచ్చు వేశాడు. 1997లో యెరూషలేములో జరిగిన బాంబు దాడి బాధితులు ఇరాన్ ప్రభుత్వం మీద డిక్రీ తెచ్చుకుని, ఈ పలకలను జప్తు చేయించి అమ్మించమని దావా వేశారు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు కుదరదంది. ఆ మరుసటేడు కొన్ని ఇరాన్‌కు తిరిగి వెళ్లాయి. కూలివాళ్ల గింజల పద్దు వేలానికి వచ్చేంత పని అయిందని వినగానే మామ తల పట్టుకున్నాడు.

మామ: దస్తరాన్ని జప్తు చేస్తరా ఎక్కడన్న! సరే, రాజ్యం పోయింది, దఫ్తరు మ్యూజియంల పడ్డది. మతం మాత్రం మన దగ్గరికి నడిచొచ్చింది గదా. సికింద్రాబాద్‌ల పార్సీల అగ్నిగుడి 1847ది. కట్టించింది విక్కాజీ మెహెర్జీ, పెస్తన్‌జీ మెహెర్జీ, అన్నదమ్ములు. నిజాం సర్కారుకు అప్పులిచ్చిన కోఠీ వాళ్లది. బేరార్ పత్తిని బొంబాయికి తోలినోళ్లు. వాళ్ల పేరు మీద పెస్తన్‌షాహీ అని రూపాయలే పడ్డయి.

కోడలు: అప్పుకు కుదువ ఏందో చెప్పు.

మామ: బేరార్ల తాలూకాల శిస్తు.

కోడలు: అంటే నువ్వు ఇందాక తిట్టిన గుత్త పద్ధతే. దీవాన్ చందూలాల్ 1843ల దిగిపోయిండు, తర్వాత వచ్చినోళ్లు ఆ తాలూకాలు గుంజుకున్నరు, అప్పు తీర్చలే. కోఠీ దివాలా తీసింది. దరియస్ జాతోళ్లు నిజాం శిస్తుల పెట్టుబడి పెట్టి మునిగిపోయిండ్రు. నాకైతే వాళ్ల గొప్ప ఆ రూపాయల్ల లేదు. సైన్యం లేదు, సత్రప్ లేడు, శాసనం లేదు. అరబ్బుల చేతిల సాసానీ రాజ్యం కూలి ఆఖరు రాజు క్రీ.శ. 651ల చచ్చిపోయినంక, కొందరు గుజరాత్ ఒడ్డుకొచ్చిండ్రు. పన్నెండు వందల ఏండ్లయినంక సికింద్రాబాద్‌ల నిప్పు వెలిగించుకున్నరు. జరథుష్ట్ర మాట బతికిందంటే రాజుల నుంచి విడిపోయినందుకే బతికింది.

మామ: రాజ్యం ఉన్నన్ని రోజులు పెరిగింది, అది మరువకు. రాజ్యం పోయినంక ఎంతమంది మిగిలిండ్రు? 2011 జనాభా లెక్కల్ల దేశం మొత్తంల 57,264. నీ పద్ధతిల బతకడమంటే ఇదా? పార్సీగుట్ట మీద వాళ్ల దఖ్మా ఉన్నది. శవాన్ని మట్టికి ఇయ్యరు, నిప్పుకు ఇయ్యరు, రెండూ పవిత్రమని. రాబందులకు ఇస్తరు. ఆ రాబందులే లేవు ఇప్పుడు. పశువులకు పొడిచిన నొప్పి మందు వాటిని మింగింది.

కోడలు: రాబందులు చచ్చింది డైక్లోఫెనాక్ వల్ల మామా, రాజు లేక కాదు. 2006ల పశువులకు ఆ మందు నిషేధించిండ్రు, అప్పటికే ఆలస్యమైంది.

మామ: నిషేధించింది ఎవరు? సర్కారు.

కోడలు: దుకాణాలకు పర్మిట్ ఇచ్చిందెవరు?

నేను చాయ్ పెట్టించమన్నాను. చాయ్ వచ్చాక మామ బీదర్ దగ్గరికి వచ్చాడు. మొదటి నుంచీ దాచిపెట్టుకున్న వాదన అదేనని తెలుస్తూనే ఉంది.

మామ: బీదర్ పక్కన నౌబాద్‌ల కరేజ్ చూసినవా నువ్వు?

కోడలు: పిల్లల్ని తీసుకపోయిన.

మామ: నేను సర్వే మనిషి లెక్క చూసిన. గుట్ట పక్కన ఊట దొరికే కాడ తల్లిబావి తవ్విండ్రు. అక్కడి నుంచి ఎర్రరాయి లోపల సొరంగం, మనిషి వంగి నడిచేంత. నడుమ నడుమ పైకి గవాక్షాలు, గాలికి, వెలుతురుకు, మట్టి తీయడానికి. వాలు అసలు తెల్వదు. ఎక్కువైతే నీళ్లు గోడలు కోస్తయి, తక్కువైతే నిలుస్తయి. మోట లేదు, మోటరు లేదు, నీళ్లు వాటంతట అవే నడుస్తయి. ఇది బహమనీల కాలపు పని, వాళ్ల వెంట ఇరాన్ నుంచి వచ్చిన విద్య. ఇరాన్‌ల అది ఎప్పటి విద్య? ఈజిప్టు ఖార్గా ఒయాసిస్సుల అసొంటి సొరంగాల పక్కన దొరికిన కుండపెంకుల మీద పర్షియా రాజుల కాలపు రాతలున్నయి. పోలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఏమన్నడో తెలుసా? ఏనాడూ తడవని నేలకు నీళ్లు తెచ్చినోనికి ఆ నేలను అయిదు తరాలు అనుభవించే హక్కు ఇచ్చిండ్రట పర్షియన్లు. అందుకని జనం కష్టానికీ ఖర్చుకూ వెనకాడకుండ, ఎక్కడో దూరం నుంచి నేల కింద నీళ్లు తెచ్చుకున్నరట. తోలు ఒలిపించిన కథ పక్కన పెట్టు. ఈ ఒక్క ఉత్తర్వు చాలు నాకు.

కోడలు: బహమనీలు ఇరాన్ వంశమని చెప్పుకున్నది ఉత్త ముఖస్తుతి అని చరిత్రకారుడు ఫిరిష్తానే కొట్టేసిండు.

మామ: వంశం అబద్ధమే కానీ. సొరంగం అబద్ధమా?

కోడలు: కాదు. అది నేనూ మొక్కే పని. కానీ పోలిబియస్ ఆ మాట ఎప్పుడు చెప్పిండు? అంతియోకస్ అనే రాజు దండు ఒక ఎడారిల పోతుంటే, ఎదుటి రాజు అర్సాకెస్ గుర్రపోళ్లను పంపి ఆ గవాక్షాలనే పూడిపించే ఘట్టంల. నీళ్లు తెచ్చే రాజు, నీళ్లు పూడ్చే రాజు ఒకే పేజీల ఉన్నరు. అదే పేజీల ఇంకో మాట. ఇప్పుడు ఆ నీళ్లు వాడేటోళ్లకు అవి ఎక్కడి నుంచి వస్తున్నయో తెల్వదట.

మామ: తెల్వకపోతే ఏమైంది? మన నల్లవాగు కాలువ కింద వరి పెట్టేటోనికి ఆనకట్ట ఎవరు మంజూరు చేసిండ్రో తెలుసా? నీళ్లొస్తే చాలు.

కోడలు: అయిదు తరాలు అన్నవు గదా. అయిదు తరాలంటే తవ్వినోని పేరు, వాని కొడుకు పేరు, మనుమని పేరు, అన్నీ ఎక్కడో ఒకచోట రాసి ఉండాలె. లేకుంటే మూడో తరంల ఎవడో ఒక సత్రప్ వచ్చి ఇది నాది అంటడు. గింజల పలకలు దొరికినట్టు ఆ నీళ్ల పలకలు దొరికిన రోజు నీ దరియస్‌ను నేను కూడ మెచ్చుకుంట.

మామ: దొరకకున్నా నీళ్లు పారినయి గదా బిడ్డా.

కోడలు: పారినయి. ఎవరి పొలంలకు అని అడుగుతున్న.

మామ: అది పహాణీల చూడాలె.